టీవీలో మాత్రం కంపెనీ మస్తు నడుస్తోంది

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం దాకా ఏ గేటు ముందు ఆగినా ఇప్పుడు ఒకటే పాట: మేం డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ చేస్తున్నామండీ, డేటా అనలిటిక్స్‌తో మొదలుపెట్టామండీ. ఎక్కడి నుంచి ఎక్కడికి మారుతున్నారు బాబూ అంటే జవాబుండదు. మొదలుపెట్టడమే గొప్ప. నిన్న మొన్నటిదాకా లేబర్ బాత్రూమ్ తలుపుకు గడియ పెట్టించడానికి మూడు సంతకాలు అడిగిన యాజమాన్యాలు ఇవాళ క్లౌడ్ గురించి కళ్లు అరమోడ్చి మాట్లాడుతున్నాయి. మా చిట్కుల్‌లో చాయ్ హోటల్ ముందు కంపెనీ బస్సు కోసం నిలబడ్డ షిఫ్ట్ ఇన్‌చార్జిలు కూడా ‘యూజ్ కేస్’ అనకుండా సిగరెట్ ముట్టించడం లేదు.

ఈ పటాన్‌చెరు పారిశ్రామిక బెల్ట్‌కు పూనకాలు కొత్త కాదు. ఐఎస్ఓ వచ్చింది, గేటు మీద బోర్డు లేచింది. ఫైవ్ ఎస్ వచ్చింది, నేల మీద పసుపు గీతలు పడ్డాయి, మర్నాటి నుంచి ఆ గీతల మీదే డ్రమ్ములు పెట్టారు. ఈఆర్‌పీ వచ్చింది, స్టోర్స్ గుమాస్తా రిజిస్టర్‌లో రాసిందే మళ్లీ కంప్యూటర్‌లో కొట్టడం మొదలుపెట్టాడు. 2011లో జర్మనీలోని హానోవర్ ట్రేడ్ ఫెయిర్‌లో ఇండస్ట్రీ 4.0 అన్నారు, అది పటాన్‌చెరు చేరేసరికి విజిటింగ్ కార్డుల మీదికి ఎక్కింది. మన షెడ్డులకు మూడో నంబరు ఇండస్ట్రీ ఎప్పుడొచ్చి వెళ్లిందో ఎవరికీ గుర్తు లేదు. నాలుగోది మాత్రం వచ్చేసింది.

అనలిటిక్స్‌తోనే మొదలుపెట్టాలి అన్న మాటలోనే ఉంది తిరకాసంతా. సంబంధం కుదరకముందే పెళ్లి వీడియోవాడికి అడ్వాన్స్ ఇచ్చినట్టు, కొలిచే అలవాటే లేని చోట కొలతల మీద ఆరు నెలల ప్రాజెక్టు ఒప్పుకుంటారు. ఆరు నెలలయ్యాక ఏం తేలుతుందయ్యా అంటే, డేటా సరిగ్గా లేదని తేలుతుంది. ఆ ముక్క మొదటి రోజు క్యాంటీన్ అయ్యను అడిగినా చెప్పేవాడు. బిల్లు కూడా ఇచ్చేవాడు కాదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఆ టీవీ. షాప్ ఫ్లోర్‌లో గోడకు 55 అంగుళాల టీవీ బిగిస్తారు కదా, ఎక్కడ బిగిస్తారో గమనించండి. మెషీన్ నడిపేవాడికి కనిపించే చోట కాదు. ఆఫీసు మెట్లు దిగి లోపలికొచ్చే కస్టమర్‌కు ఎదురుగా. మెషీన్ దగ్గరున్నవాడు అది చూడాలంటే పని వదిలేసి వెనక్కి తిరగాలి; తిరిగితే పని వదిలేశాడని అదే టీవీ చెబుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులు. మధ్యలో అరచెయ్యంత అంకెల్లో ఓఈఈ అని ఒక శాతం. దాని కింద కంపెనీ లోగో తిరుగుతూ ఉంటుంది.

ఓఈఈ మంచి లెక్కే, దాన్నేం అనను. జపాన్‌లో సెయిచి నకజిమా టీపీఎం అనే మెషీన్ల నిర్వహణ పద్ధతితో పాటు దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. నడవాల్సిన టైములో మెషీన్ ఎంతసేపు నడిచింది, నడిచినంతసేపూ ఎంత వేగంతో నడిచింది, తీసిన సరుకులో మంచిదెంత, ఈ మూడింటినీ గుణించడమే. 90 శాతం, 95 శాతం, 99 శాతం గుణిస్తే 85కు దగ్గరకొస్తుంది. అదే ప్రపంచ స్థాయి అని పుస్తకాల్లో రాస్తారు. చిత్తు కాగితం మీద పెన్సిల్‌తో తేలిపోయే లెక్క. నిజాయతీగా వేస్తే మొదటి నెలలో సగానికి కాస్త అటూఇటూ రావడం మామూలు. మెషీన్ ఎక్కడెక్కడ ఆగుతోందో వెళ్లి చూడమని దానర్థం. మనవాళ్లకు మాత్రం టీవీని బాగుచేయమని అర్థమవుతుంది.

టీవీని బాగుచేయడం చాలా తేలిక. బ్రేక్‌డౌన్ అయిందనుకోండి, దాన్ని ‘ప్లాన్డ్ స్టాప్’ ఖాతాలోకి మార్చేస్తే చాలు, అది నడవాల్సిన టైములోంచే తప్పుకుంటుంది, శాతం లేస్తుంది. మోటారు కాలిపోవడం కూడా మా ప్లానే అన్నమాట. ఇంకాస్త కావాలంటే ఒక్కో పీసుకు పట్టాల్సిన టైమును ఉదారంగా పెంచుకోవచ్చు. అలా పెంచిన చోట వేగం నూటికి నూట నాలుగు చూపించడం నేను కళ్లారా చూశాను. పక్కనే నిలబడ్డ ప్లాంట్ హెడ్ మొహంలో వీసమెత్తు అనుమానం లేదు. పైగా గర్వం.

ఇక మెషీన్ ఎందుకు ఆగిందో చెప్పే పట్టిక ఉంటుంది. దీని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక కంపెనీలో, పేరు అనవసరం, మెషీన్ పక్కన చిన్న టచ్ స్క్రీన్ పెట్టారు. మెషీన్ ఆగితే తెర మీద కారణాల జాబితా వస్తుంది. ముప్పై చిల్లర కారణాలు, అన్నీ ఇంగ్లీషులో. వాటిలో ఏదో ఒకటి నొక్కేదాకా మెషీన్ మళ్లీ స్టార్ట్ కాదు. నడిపేవాడు ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు, చేతులకు నూనె గ్లౌజులు, వెనక సూపర్‌వైజర్ కేకలు. వాడేం చేస్తాడు? జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది నొక్కుతాడు. పైన ఉన్నది ‘మెటీరియల్ షార్టేజ్’.

నెల తిరిగేసరికి కన్సల్టెంట్ బార్ చార్టు వేశాడు. అన్ని కడ్డీల కంటే ఎత్తుగా మెటీరియల్ షార్టేజ్. కొన్ని కారణాలతోనే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి ముందు వాటినే పట్టుకోవాలనే పరేటో సూత్రం చెప్పి, కర్రతో ఆ కడ్డీని చూపించాడు. స్టోర్స్ మేనేజర్‌కు చీవాట్లు పడ్డాయి. ఆయన పాపం గోడౌన్ తలుపులు తెరిచి, పైకప్పు దాకా పేర్చిన మెటీరియల్ చూపించాడు. మెటీరియల్ ఉంది, కానీ డేటా లేదంటోంది కదా! డేటా మాటే చెల్లింది. ఇంకో నెల సరిపడా స్టాక్‌కు ఆర్డర్ పెట్టారు. పెట్టడానికి చోటు లేక సగం సరుకు షెడ్డు బయట టార్పాలిన్ కింద వానకు తడిసింది.

ఎవరికో అనుమానం వచ్చి కుర్రాణ్ని అడిగారు. ‘‘ఊపర్‌వాలా దబా దియా సాబ్’’ అన్నాడు వాడు, దాచడానికేముంది. అప్పుడు కన్సల్టెంట్ ఏం చేశాడో తెలుసా? కారణాలను తెలుగులోకో ఒడియాలోకో హిందీలోకో మార్చాడనుకుంటున్నారా? ముప్పైని ఆరుకు తగ్గించాడనుకుంటున్నారా? అంత సుఖం మనకెందుకుంటుంది! జాబితాను ఇంగ్లీషు అక్షర క్రమంలో పెట్టాడు. ఆ తర్వాతి నెల చార్టులో అన్నిటికంటే ఎత్తుగా ‘ఎయిర్ ప్రెషర్ లో’ లేచి నిలబడింది. కొత్త కంప్రెసర్‌కు కొటేషన్లు పిలిచారు.

ఆ కంప్రెసర్ కొన్నారో లేదో నేను కనుక్కోలేదు. భయమేసి కనుక్కోలేదు.

టచ్ స్క్రీన్ కంటే ముందు లాగ్‌బుక్ ఉండేది, ఇప్పటికీ ఉంది. గంట గంటకూ టెంపరేచర్ రాయాలి. షిఫ్టుకు ఎనిమిది రీడింగులు. 82, 83, 82, 83, 82, 82, 83, 82. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఊపు. షిఫ్టు దిగే ముందు పది నిమిషాల్లో ఎనిమిది గంటలు పూర్తయిపోతాయి. దీన్ని తప్పు పట్టబోవడం లేదు. ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కణ్ని పెట్టి, మధ్యలో సాంపిల్ తీసుకురమ్మని పంపి, గంట గంటకూ రాయలేదేం అంటే వాడేం చేస్తాడు? ఆ పుస్తకాన్నే నలుగురు డేటా ఎంట్రీ పిల్లలు ఎక్సెల్‌లో కొట్టారు. ఎక్సెల్‌ను సాఫ్ట్‌వేర్ మింగింది. టెంపరేచర్‌ను మా మోడల్ దాదాపు తప్పే లేకుండా ముందే చెప్పేస్తోందని స్లైడు వేశారు. ఎందుకు చెప్పదు? అది కనిపెట్టింది రియాక్టర్ గుణాన్ని కాదు, రాత్రి షిఫ్టు కెమిస్ట్ చేతి అలవాటును.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు విమానం దిగి మన బల్క్ డ్రగ్ కంపెనీల్లో ముందు వెతికేది సరిగ్గా దీన్నే. పని చేసినప్పుడే రాశారా, చేసినవాడే రాశాడా, మొదట రాసిన కాగితం ఏది, చెత్తబుట్టలో ఏముంది. 2018 డిసెంబరులో దీని మీద వాళ్లు మార్గదర్శకాలే ఖరారు చేశారు. ఆ భయం వల్ల ఎగుమతి కంపెనీలకు రాసే క్రమశిక్షణ కొంతైనా అబ్బింది. ఇక్కడి స్లైడుల్లో తప్పకుండా ఉండే ఫొటో బాచుపల్లిలోని డాక్టర్ రెడ్డీస్ ప్లాంటుది. 2022లో ప్రపంచ ఆర్థిక వేదిక దాన్ని లైట్‌హౌస్ ఫ్యాక్టరీల జాబితాలో చేర్చింది. శభాష్. కానీ ఆ ప్లాంటు అనలిటిక్స్ పెట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే ప్రతి బ్యాచ్‌కూ, ప్రతి దిద్దుబాటుకూ సంతకం అడిగే లోకంలో బతుకుతోంది. ఆ సంగతి స్లైడులో ఉండదు. మెరిసే తెర ఉంటుంది. మనవాడు తెర కొంటాడు.

లెక్కలు మనకు కొత్తా అంటే అదీ కాదు. అమెరికన్ ఇంజినీర్ వాల్టర్ షూహార్ట్ 1924లో తన పైఅధికారికి ఒక్క పేజీ చీటీ రాసి పంపాడు. కంట్రోల్ చార్టుకు అదే పుట్టుక. గ్రాఫ్ కాగితం, మూడు గీతలు, ఒక పెన్సిల్. స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ చొరవతో 1947-48లో షూహార్ట్ మన దేశానికి వచ్చి నాణ్యతా నియంత్రణ గురించి చెప్పి వెళ్లాడు కూడా. మహలనోబిస్ పెట్టిన స్టాటిస్టిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఎదిగిన మన సి.ఆర్. రావు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకున్న మనిషి, స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఇప్పటికీ చదివే పేపరును 1945లోనే ప్రచురించారు. 102 ఏళ్లు బతికి 2023లో పోయారు. ఆయన పేరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో సంస్థ ఉంది, మా ఊరి నుంచి గంట దూరం కూడా లేదు. మనకు లేనిది లెక్క కాదు. లెక్క చెప్పిన చేదు మాట వినే చెవి.

ఆ చెవి సంగతే చెబుతాను.

ఒక కంపెనీలో కూలింగ్ టవర్ పంపు ఉండేది. ఐటీఐ చదివిన ఫిట్టర్ ఒకాయన దాన్ని చూసుకునేవాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ హౌసింగ్‌కు ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. రెండు సెకన్లు. ‘‘గరగరంటున్నది సార్, బేరింగ్ పోతది, తెప్పించుండ్రి’’ అన్నాడు. లాగ్‌బుక్‌లో రాశాడు. ఇండెంట్ పెట్టించాడు. పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు కావాలన్నారు. బేరింగ్ ధర ఎంతనుకున్నారు, ఆ కంపెనీ డైరెక్టర్లు ఒక పూట భోజనానికి పెట్టే బిల్లు కంటే తక్కువ.

ఈలోగా డిజిటల్ ప్రాజెక్టు కింద అదే పంపుకు వైబ్రేషన్ సెన్సార్ అతికించారు. సెకనుకు 4.5 మిల్లీమీటర్లు దాటితే పసుపు, 7.1 దాటితే ఎరుపు. పసుపు వెలిగింది. వెండర్ కంపెనీ స్లైడు తయారుచేసింది: బేరింగ్ లోపాన్ని ముందుగానే పసిగట్టిన కృత్రిమ మేధ. బోర్డు మీటింగులో చప్పట్లు కొట్టారట. చప్పట్లు కొట్టిన వాళ్లలో పర్చేజ్ హెడ్ కూడా ఉన్నాడు, ఇండెంట్ ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది. ఒక ఆదివారం రాత్రి బేరింగ్ పట్టేసింది, షాఫ్ట్ గీసుకుపోయింది, ప్లాంటు ఆగింది. మెమో ఎవరికి వచ్చిందో చెప్పనక్కర్లేదు కదా. అలర్ట్ వచ్చినా స్పందించలేదని ఫిట్టర్‌కు వచ్చింది. అలర్ట్ ఈమెయిల్‌కు వెళ్లింది. ఆయనకు కంపెనీ ఈమెయిలే లేదు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ రాశాను. ఇకమీద నా వల్ల కాదు.

2025 జూన్ 30, సోమవారం పొద్దున. పాశమైలారంలో సిగాచీ ఇండస్ట్రీస్. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి తయారుచేసే ప్లాంటు పేలింది. 46 మంది చనిపోయినట్టు తేలింది. ఇంకో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. మొత్తం 54. ఎవరి దేహం ఎవరిదో డీఎన్‌ఏ పరీక్షలు చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు అందరూ అడిగిన మొదటి ప్రశ్న, అగ్గి ఎలా పుట్టిందని కాదు. లోపల ఎంతమంది ఉన్నారని. దానికి జవాబు పూటకో రకంగా మారింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్ల అన్నదమ్ములు, భార్యలు, ఫోన్లలో ఫొటోలు చూపిస్తూ గేటు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి గేటుకు తిరిగారు. మా చిట్కుల్‌లో, ఇస్నాపూర్‌లో లేబర్ రూములు అద్దెకిచ్చే ప్రతి ఇంటివాడికీ తన రూములో ఎవరు తిరిగిరాలేదో తెలుసు. కంపెనీ లెక్కకు, ప్రభుత్వం లెక్కకు అది అందలేదు.

అదే వారంలో హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ డేటా ఎక్స్‌చేంజ్‌ను ప్రారంభించింది. కృత్రిమ మేధ కంపెనీలకు డేటాసెట్లు అందించడానికి. నాకు ఆ కార్యక్రమం మీద కోపం లేదు. కానీ ఆ రెండు వార్తలనూ ఒకే వారం పేపర్లలో చదివి ఒళ్లు మండనివాడికి రక్తం ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి.

అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 62వ సెక్షన్ ఏమందో చూడండి. పనిచేసే ప్రతి మనిషి పేరూ, పనీ, షిఫ్టూ రాసిన రిజిస్టరు మేనేజర్ దగ్గర ఉండాలంది. ఇంటర్నెట్ లేని, కంప్యూటర్ లేని, మన ఊళ్లకు కరెంటే లేని రోజుల్లో రాసిన చట్టం. దానికి కావాల్సిన టెక్నాలజీ ఒక నోటుబుక్కు. ఇప్పుడు ఈ బెల్ట్‌లో చాలా చోట్ల జరుగుతున్నదేమిటి? పర్మనెంట్ ఉద్యోగికి మొహం చూసి గుర్తుపట్టే మెషీన్. కాంట్రాక్టు మనిషికి లేబర్ కాంట్రాక్టరు జేబులోని చిట్టా. ఓటీకి ఆగినవాడు ఆ చిట్టాలో ఉండడు, వేరే వాడి బదులు వచ్చినవాడు అసలే ఉండడు. సెకనుకు వెయ్యి సార్లు మోటారు కంపనం కొలిచే ఫ్యాక్టరీ, మోటారు పక్కన నిలబడ్డ మనిషిని రోజుకు ఒక్కసారి కూడా లెక్కపెట్టదు.

సన్నటి పొడి గాల్లో లేచి, నిప్పురవ్వ తగిలితే పేలుతుందన్నది పిండిమరల కాలం నుంచి తెలిసిన సంగతి. పేరుకున్న దుమ్ము ఊడ్చామా, డక్టు శుభ్రం చేశామా, వేడి ఎక్కడ పెరుగుతోంది అన్నవి పొడితో పనిచేసే ఏ ప్లాంటులోనైనా రోజూ అడగాల్సిన ప్రశ్నలు. ఆ పేలుడులో చనిపోయిన ఒక కార్మికుడి కొడుకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఒక మాట ఉంది: మెషీన్లు పాతబడ్డాయి, ప్రాణాలకు ముప్పు అని మా నాన్న మేనేజ్‌మెంట్‌కు చాలాసార్లు చెప్పాడు, వాళ్లు పట్టించుకోలేదు అని. నిజానిజాలు కోర్టు చూసుకుంటుంది. నా ప్రశ్న కన్సల్టెంట్లకు. ఏ కంపెనీలోనైనా సరే, ఒక మనిషి నోటితో చెప్పిన ఇలాంటి మాటకు మీ డాష్‌బోర్డులో గడి ఏది? దాని రంగేది? ఎన్నిసార్లు చెబితే పసుపు అవుతుంది, ఎన్నిసార్లకు ఎరుపు?

ఆనవాళ్లు దొరకని ఆ ఎనిమిది మంది కుటుంబాలను ఊళ్లకు వెళ్లి మూడు నెలలు ఆగమన్నారు.

వలస కార్మికుడి లెక్క లేకపోవడం ఒక్క కంపెనీ రోగం కాదు. 2020ని మన రాష్ట్రం కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించుకుంది. ఆ ఏడాది కరోనా లాక్‌డౌన్‌లో, ఏప్రిల్ చివర మా జిల్లాలోనే, కందిలో ఐఐటీ కట్టడానికి వచ్చిన కూలీలు ఇంటికి పంపమని రోడ్డెక్కితే, అంతమంది అక్కడున్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. సెప్టెంబరులో పార్లమెంటులో, దారిలో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని అడిగితే, అలాంటి డేటా లేదని కేంద్రం చెప్పింది. ఎవరి డేటా పోగవుతుందో, ఎవరిది పోగవదో ఇక అర్థం కాకపోతే మనకు ఏ అనలిటిక్సూ అర్థం చేయించలేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీకి ఇరవై నాలుగ్గంటల సెన్సార్లు పెడితే మారిపోతుందని నమ్మేవాళ్లు మన బెల్ట్ చరిత్రను చూడాలి. 2014 ఫిబ్రవరిలోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, మందులు, పురుగుమందులతో సహా 17 రకాల పరిశ్రమలను ఆన్‌లైన్ మీటర్లు పెట్టి డేటాను నేరుగా పంపమంది. అంటే ఇక్కడ రియల్ టైమ్ డేటాకు పదేళ్లు దాటింది. నక్కవాగు పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడి, ఏం మారిందో ఎవరైనా చెప్పండి. వానాకాలం వస్తే ఏ రాత్రి ఏ ట్యాంకరు ఏ నాలాలో వదిలిందని మా ఊళ్లలో పిల్లలు కూడా వాసన పట్టి చెబుతారు. చుట్టుపక్కల చెరువుల్లో చేపలు వెల్లకిలా తేలిన పొద్దున, ఆ రాత్రి మీటర్లన్నీ బుద్ధిగానే ఉండి ఉంటాయి.

సెన్సార్లు లేని రోజుల్లోనే అసలు మాట బయటపడింది. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని సీసాల్లో పట్టి పరీక్షించిన ఫలితం ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు 45 కిలోల లెక్కన, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేంత మందు ఒక్కరోజులో వాగు పాలు. డేటా అంటే అదీ! ఒక సీసా, ఒక ల్యాబు, దాచుకోవాల్సిన అవసరం లేని మనిషి. ప్రపంచమంతా ఆ పేపరు చదివింది. ఇక్కడ దాని మీద ఏ డాష్‌బోర్డు వెలిగిందో నాకైతే తెలియదు.

చిన్న షెడ్డుల గోడు వేరే. జాబ్ వర్క్ చేసే లేత్ యజమానికి తన వ్యాపారంలో రోగమేమిటో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పక్కర్లేదు. పెద్ద కంపెనీ బిల్లు ఇవ్వదు. 2006 చిన్న పరిశ్రమల చట్టం 45 రోజులు దాటొద్దంది. ఆయన గోడ మీది క్యాలెండరులో గీతలు పెట్టుకుంటూ పోతాడు. ఆయన్నే మళ్లీ ‘డిజిటల్‌గా వెనకబడ్డ సప్లయర్’ అని ఆ పెద్ద కంపెనీ స్కోరు కార్డు ఇస్తుంది.

ఈమధ్య అలాంటి ఒక మిత్రుడి షెడ్డు కోసమే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, ప్రతి వాక్యానికీ రెండు సార్లు సార్ అన్నాడు. ముందు అనలిటిక్స్‌తో మొదలుపెడదాం సార్ అన్నాడు. సరే బాబూ, నాకు ఒక్కటే కావాలి అన్నాను. ఈ నిమిషంలో షెడ్డు లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరెవరు, కాంట్రాక్టు వాళ్లతో సహా. ఆ లిస్టు గేటు బయట ఒక కాపీ ఉండాలి, లోపల కాలిపోయినా అది మిగలాలి. చేయగలవా?

కీబోర్డు టకటకలు వినిపించాయి. ఏదో వెతుకుతున్నాడు.

‘‘చేయొచ్చు సార్. అది సేఫ్టీ మాడ్యూల్‌లో వస్తుంది సార్. మన ప్యాకేజీలో అది మూడో ఫేజ్. మొదటి రెండు ఫేజుల రిజల్ట్స్ చూసి, బడ్జెట్ మిగిలితే తీసుకుంటారు సార్ అందరూ.’’

ఇప్పటిదాకా ఎంతమంది తీసుకున్నారు అని అడిగాను.

‘‘ఆ డేటా నా దగ్గర లేదు సార్.’’